శాసనమునకు సాక్ష్యమడిగిన లాగార్డియా

శాసనము చేయుట యొక యెత్తు. దానిని ధనికుని యెడలను దరిద్రుని యెడలను ఒక్కరీతిగా నడపుట మరియొక యెత్తు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో గంజాయిని గూర్చిన శాసనములు గడచిన నూరేండ్లలో పెక్కుమార్లు మారినవి. ఆ మార్పుల చరిత్రలో, వైద్యుడు గాని శాస్త్రజ్ఞుడు గాని కాని యొక నగరపాలకుని పేరు చెరగక నిలిచియున్నది. న్యూయార్కు నగరమునకు 12 సంవత్సరములు మేయరుగా నుండిన ఫియొరెల్లో లాగార్డియాయే ఆయన. ఆ నగరమునందలి విమానాశ్రయములలో నొకదానికి ఆయన పేరు పెట్టబడుటచే లోకమునకు ఆ పేరు పరిచితమే. కాని ఆయన చేయించిన గంజాయి పరిశోధనను గూర్చి యెరిగినవారు తక్కువ.

లాగార్డియా 1882వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన న్యూయార్కులో జన్మించెను. తండ్రి అకిలీ ఇటలీ దేశమునుండి వలసవచ్చిన సంగీతవిద్వాంసుడు. తల్లి ఐరీన్ ట్రియెస్టు నగరపు యూదు కుటుంబమున పుట్టిన ఆడపడుచు. ఫియొరెల్లో అనగా ఇటాలియను భాషలో చిన్నిపువ్వు అని యర్థము. పెరిగి పెద్దవాడైన పిదప కూడ ఆయన యెత్తు ఐదడుగుల రెండంగుళములు మాత్రమే. పేరు పువ్వే గాని స్వభావము నిప్పు.

తండ్రి అమెరికా సైన్యమున బ్యాండు నాయకుడుగా చేరుటచే బాలుని చిన్నతనము అరిజోనా ప్రాంతపు సైనిక శిబిరములలో గడచెను. అచ్చటి ఆదిమజాతులవారికి ప్రభుత్వము పంపు ఆహారపదార్థములను మధ్యనున్న ఏజెంట్లు కాజేయుట అతడు కన్నులార చూచెను. 1898లో స్పెయినుతో యుద్ధము వచ్చినపుడు గుత్తదారులు సైన్యమునకు చెడిన మాంసమును సరఫరా చేసిరి. ఆ మాంసము తిని జబ్బుపడిన సైనికులలో అతని తండ్రి యొకడు. ఆయన సైన్యమునుండి తొలగి, 1904లో మరణించెను. కాగితముపై నున్న శాసనము వేరు, మనుష్యుల చేతిలో అది నడచు తీరు వేరు అను పాఠమును లాగార్డియా ఏ పాఠశాలలోను గాక తన యింటనే నేర్చుకొనెను.

యౌవనమున ఆయన ఐరోపాలోని అమెరికా రాయబార కార్యాలయములలో చిన్న యుద్యోగములు చేసి, పెక్కు భాషలు అలవరచుకొని, 1906లో స్వదేశమునకు తిరిగివచ్చెను. 1907 మొదలు 1910 వరకు వలసదారులు దిగు ఎల్లిస్ ద్వీపమున ఇటాలియను, జర్మను, క్రొయేషియను భాషలకు దుబాసిగా పనిచేసెను. పగలు కొలువు, రాత్రి న్యాయశాస్త్రాభ్యాసము. ఓడ దిగిన బీదవారిని అధికారులు ప్రశ్నించి, చిన్న కారణములకే కొందరిని తిరిగి పంపివేయుచుండగా, వారి కన్నీటిని మాటలలోనికి మార్చి చెప్పవలసినవాడు ఆయనయే. 1910లో న్యాయవాదియై, 1916లో ప్రతినిధి సభకు ఎన్నికయ్యెను. మొదటి ప్రపంచయుద్ధమున సభ్యత్వమును వదలకయే విమానదళమున చేరి ఇటలీ రంగమున పోరాడి, మేజరు పదవితో మరలివచ్చెను.

1921వ సంవత్సరము ఆయనకు కాళరాత్రి వంటిది. పసికందైన ఏకైక పుత్రికయు, వెనువెంటనే క్షయరోగముచే భార్య థియాయు మరణించిరి. ఆ దుఃఖమును దిగమ్రింగి 1922లో ఆయన మరల ప్రతినిధి సభకు ఎన్నికయ్యెను. తూర్పు హార్లెములోని ఇటాలియను, యూదు కార్మికులు ఆయనకు ఓటిచ్చినవారు.

ఆ కాలమున అమెరికాలో మద్యనిషేధము నడచుచుండెను. రాజ్యాంగమునకు చేసిన పదునెనిమిదవ సవరణ 1920 జనవరి 17వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. నూటికి అర వంతు కంటె మించి సారాయి సత్త్వమున్న ప్రతి పానీయమును నిషిద్ధమే. లాగార్డియా ఈ శాసనమును మొదటినుండియు వ్యతిరేకించెను. ఆయన వాదము త్రాగుడు మంచిదని కాదు. జనులలో అధికసంఖ్యాకులు మనసార అంగీకరింపని శాసనమును నడపవలెనన్నచో ఒక పోలీసు దండు చాలదనియు, లంచము తినకుండ ఆ దండును కాచుటకు వేరొక దండు కావలసివచ్చుననియు ఆయన హెచ్చరించెను. జరిగినదియు నదియే. ధనికులు తమ క్లబ్బులలోను భవనములలోను నిర్భయముగా త్రాగిరి. బీదవారి వాడలలో మాత్రము తలుపులు పగిలెను. దొంగసారా వ్యాపారమున ముఠాలు బలిసెను.

1926లో లాగార్డియా యొక విచిత్రమైన పనికి పూనుకొనెను. మందుల దుకాణములలో బలవర్ధకౌషధముగా శాసనసమ్మతముగానే అమ్ముచుండిన మాల్టు ద్రావకమును తెప్పించి, సారాయి సత్త్వము తీసివేసిన బీరుతో దానిని కలిపి, పార్లమెంటు కార్యాలయ భవనములోని గదిలో పత్రికావిలేఖరుల యెదుట అసలైన బీరును తయారుచేసి త్రాగి చూపెను. రెండు వస్తువులును అంగడిలో దొరకునవే. కలిపినచో మాత్రము నేరము. తరువాత హార్లెములోని యొక మందుల దుకాణమున బహిరంగముగా అదే పనిచేసి, తన్ను అరెస్టు చేయుమని వేచియుండెను. అచ్చటి పోలీసు ఆయనను ముట్టలేదు. అదే పనిని పేరులేని కూలివాడు చేసియున్నచో ఏమగునో చూచువారందరికిని తెలియును. శాసనము మనిషిని బట్టి నడచునని నిరూపించుటకు ఇంతకంటె సులభమైన ప్రయోగము లేదు. 1933 డిసెంబరు 5వ తేదీన ఇరువదియొకటవ సవరణచే మద్యనిషేధము రద్దయ్యెను.

ఆ సంవత్సరమే లాగార్డియా న్యూయార్కు మేయరుగా ఎన్నికై, 1934 జనవరి 1వ తేదీన పదవి స్వీకరించెను. మద్యనిషేధమును ఎదిరించినవాడు కనుక ఆయన శాసనోల్లంఘనను ఉపేక్షించునని తలచినవారు పొరపడిరి. జూదయంత్రములను పట్టించి, పత్రికలవారు చూచుచుండగా సమ్మెటతో తానే పగులగొట్టి, సముద్రమున పారవేయించెను. మేయరునకు గల పూర్వపు అధికారమును ఉపయోగించుకొని, పోలీసు ఠాణాలో మేజిస్ట్రేటుగా కూర్చుండి జూదయంత్రముల కేసును విచారించెను. దశాబ్దములుగా నగరమును ఏలిన టామ్మనీ హాలు ముఠా పలుకుబడిని విరిచెను. ఉద్యానవనములు, వంతెనలు, బీదవారికి ఇండ్లు, ఆసుపత్రులు ఆయన కాలమున విరివిగా వెలసెను.

ఇట్లుండగా దేశమున గంజాయి సమస్య బయలుదేరెను. అమెరికనులు దీనిని మెక్సికో దేశపు మాటతో మారిహువానా యని పిలిచిరి. అంతకుముందు ఈ మొక్కనుండి తీసిన సత్త్వము కేన్నబిస్ అను పేర మందుల దుకాణములలో అమ్ముడగుచుండెడిది. నార కొరకు జనుపవలె దీనిని పొలములలో పండించుటయు కలదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున మెక్సికను కూలీలు దీనిని చుట్టి త్రాగుట దక్షిణ, పశ్చిమ రాష్ట్రములలో కనబడెను. 1913లో కాలిఫోర్నియా దీనిని నిషేధించినది. ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క తీరున శాసనములు చేయసాగెను. పట్టణములలో నీగ్రో సంగీతకారులలోను ఈ యలవాటు వ్యాపించెను. త్రాగిన మనుష్యుల జాతిపై నుండిన ద్వేషము త్రాగిన వస్తువుపైకి పాకెను.

1930లో స్థాపింపబడిన కేంద్ర మాదకద్రవ్య శాఖకు హారీ ఆన్‌స్లింగరు అధిపతియై 1962 వరకు ఆ పదవిలోనే యుండెను. గంజాయి త్రాగినవాడు హంతకుడగుననియు, పిచ్చివాడగుననియు ఆయన పత్రికలలోను శాసనసభలోను ప్రచారము చేసెను. 1937లో మారిహువానా పన్ను శాసనము వచ్చినది. విచారణలో అమెరికా వైద్యసంఘపు ప్రతినిధియైన డాక్టరు ఉడ్వర్డు దానిని వ్యతిరేకించినను ప్రయోజనము లేకపోయెను. ఆ శాసనము తీరు విచిత్రమైనది. అది గంజాయిని నేరుగా నిషేధింపదు. నమోదు చేయించుకొన్నవారు ఔన్సునకు 1 డాలరును, చేయించుకొననివారితో వ్యవహరించువారు ఔన్సునకు 100 డాలర్లును పన్ను కట్టవలెను. కట్టనివాడు నేరస్థుడు. పన్ను అనునది పేరునకు మాత్రమే, ఫలము నిషేధమే. అది 1937 అక్టోబరు 1వ తేదీన అమలులోనికి వచ్చెను.

దాని అమలు తీరు ఊరూరికి మారుచుండెను. ఆ నెలలోనే డెన్వరు నగరపు న్యాయస్థానము గంజాయి అమ్మిన యొకనికి నాలుగేండ్ల కఠినశిక్షయు, దగ్గర నుంచుకొన్న వేరొకనికి పదునెనిమిది నెలల శిక్షయు విధించెను. అంతకు కొన్నియేండ్ల ముందు, 1931లో, ప్రసిద్ధ సంగీతకారుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగునకు కాలిఫోర్నియాలో అదే వస్తువు విషయమున విధించిన ముప్పదినాళ్ల శిక్ష నిలుపుదల చేయబడినది. మరియొక చిత్రము: 1942లో యుద్ధమునకు నార కొరతపడగా, ప్రభుత్వమే ఈ మొక్కను పండింపుడని రైతులను ప్రోత్సహించుచు చలనచిత్రమును తీయించి, అనుమతిపత్రములిచ్చెను. ఒకే మొక్క ఒకచోట దేశభక్తి, వేరొకచోట కారాగారము.

పాఠశాలల విద్యార్థులు గంజాయి త్రాగుచున్నారను వార్తలు న్యూయార్కులో తలిదండ్రులను కలవరపెట్టెను. లాగార్డియాపై ఒత్తిడి హెచ్చెను. మరియొక నాయకుడైనచో నాలుగు దాడులు చేయించి పత్రికలలో చాయాచిత్రములు వేయించుకొనెడివాడే. ఆయనకు పాత సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చెను. తాను ప్రతినిధి సభలో నుండగా పనామా కాలువ ప్రాంతపు సైనికులలో గంజాయి వాడుకను గూర్చి సైన్యము విచారణ జరిపి, దానివలన చెప్పుకొన్నంత హాని గాని నేరప్రవృత్తి గాని కానరాలేదని తేల్చియుండెను. ఆ నివేదిక ఆయన మనస్సున నాటియుండెను. కనుక ఆయన న్యూయార్కు వైద్య అకాడమీని ఆశ్రయించి, వదంతులను ప్రక్కన పెట్టి నిజము తేల్చుమని కోరెను. 1939లో వైద్యులు, మనస్తత్త్వవేత్తలు, ఔషధశాస్త్రజ్ఞులతో నొక సంఘము నియమింపబడెను. డాక్టరు జార్జి వాలెసు దానికి అధ్యక్షుడు. వ్యయమును కొన్ని ధర్మసంస్థలు భరించెను.

పరిశోధన రెండు పాయలుగా సాగెను. మొదటిది సాంఘికము. పోలీసు శాఖనుండి ఎన్నుకొనబడిన కొందరుద్యోగులు సామాన్యుల వేషములలో వీధులలోను, నాట్యశాలలలోను, గంజాయి త్రాగు రహస్యపు గదులలోను సంచరించి చూచిరి. హార్లెములో నట్టి గదులు సుమారు 500 ఉండునని వారి యంచనా. అచ్చట వారికి కనబడినది కత్తులు దూయు ఉన్మాదులు కాదు. సంగీతము వినుచు, నవ్వుచు, మగతగా కూర్చున్న జనులు. పాఠశాలల సమీపమున కూడ వారు నిఘా వేసి, ఉపాధ్యాయులతో మాటలాడిరి. రెండవది వైద్యసంబంధము. కారాగారములనుండి స్వచ్ఛందముగా వచ్చిన 72 మంది ఖైదీలను వెల్ఫేర్ ద్వీపములోని ఆసుపత్రిలో నుంచి, వారికి గంజాయి నిచ్చి, నాడి, రక్తము, జ్ఞాపకశక్తి, తెలివితేటలు, ప్రవర్తన అన్నిటిని పరీక్షించిరి.

నివేదిక 1944లో వెలువడెను. వైద్యశాస్త్రము చెప్పు అర్థమున గంజాయి మనిషిని బానిసను చేయదనియు, మార్ఫిను, హెరాయిను, కొకెయిను వైపు అది త్రోవ తీయునను మాటకు ఆధారము కానరాలేదనియు, ఘోరనేరములకు అది కారణము కాదనియు, పాఠశాలల పిల్లలలో దాని వాడుక విస్తరించియుండలేదనియు అది తేల్చెను. న్యూయార్కులో గంజాయివలన మహావిపత్తు కలుగుచున్నదను ప్రచారము నిరాధారమని నిర్ధారించెను. అట్లని గంజాయి నిరపాయకరమని సంఘము చెప్పలేదు. ఎక్కువ మోతాదులో కొందరికి భయభ్రాంతులును, తాత్కాలికముగా మతిచాంచల్యమును కలిగినవని నివేదికలోనే వ్రాసియున్నది. తదనంతర కాలపు వైద్యులు, ముఖ్యముగా చిన్న వయస్సువారి మెదడునకు దీనివలన కీడు కలుగవచ్చునని చెప్పుచున్నారు. ఆ నివేదిక గొప్పతనము సమస్తమును తెలిసికొనుటలో లేదు. భయమును కొలబద్దగా తీసికొనక, చూచినదానిని చూచినట్లు చెప్పుటలో నున్నది.

ఇచ్చట లాగార్డియా నడవడి విశేషముగా గమనింపదగినది. నివేదికకు తానే తొలిపలుకు వ్రాసి, ఈ ఫలితములు తనకు ఊరట కలిగించినవని యొప్పుకొనెను. అయినను వీనిని గంజాయి త్రాగుటకు అనుమతిగా నెవ్వరును తలంపరాదనియు, సంపూర్ణమైన పరిశోధనలు శాసనమును మార్చుటకు తగిన కారణము చూపునంతవరకు ఉన్న శాసనమును తాను నడపుచునే యుందుననియు స్పష్టపరచెను. తన యధికారమునకు లోబడినది అమలు. మార్చు నధికారము శాసనసభది. ఆ గీటును ఆయన దాటలేదు. దీనిని నిజాయితీ యనువారు కలరు; సందేహాస్పదమని తేలిన శాసనము క్రింద బీదవారిని చెరసాలకు పంపుచుండుట సాహసలోపమే యనువారును కలరు.

ఆయన పాలనలో మచ్చలు లేకపోలేదు. 1936లో వీధులలో ఆర్గను వాద్యము త్రిప్పి పొట్టపోసికొను బీదగాయకులకు అనుమతులు ఆపివేసెను. 1942లో పిన్‌బాలు ఆటయంత్రములను జూదమని నిషేధించెను. ఆ నిషేధము 1976 వరకు తొలగలేదు. 1943లో హార్లెములోని సవాయ్ నాట్యశాలను పోలీసులు నీతిబాహ్యతా నేరము మోపి కొన్ని నెలలు మూసివేసిరి. తెల్లవారును నల్లవారును అచ్చట కలిసి నాట్యమాడుటయే అసలు కారణమని హార్లెము ప్రజలు నమ్మిరి. అసమానతను ఎత్తిచూపిన చేయియే కొన్నిచోట్ల దానికి సాధనమయ్యెను. మహాపురుషుల చరిత్రలను చదువునపుడు ఇట్టి సంగతులను దాచరాదు.

ఆన్‌స్లింగరు ఈ నివేదికను తీవ్రముగా ఖండించెను. 1945 ఏప్రిలులో అమెరికా వైద్యసంఘపు పత్రిక సంపాదకీయము దీనిని అశాస్త్రీయమని త్రోసిపుచ్చెను. 1937లో శాసనమును వ్యతిరేకించిన సంఘమే ఎనిమిదేండ్లకు శాసనము పక్షమున చేరినది. యుద్ధవార్తల సందడిలో నివేదిక అటకెక్కెను.

లాగార్డియా 1945 చివర మేయరు పదవిని వదలి, 1946లో ఐక్యరాజ్యసమితి సహాయ పునరావాస సంస్థకు అధిపతియై, యుద్ధముచే చితికిన దేశములకు ఆహారము పంపుటలో శ్రమించెను. ఆ కాలమున ఆయనకు కఠినపరీక్ష యొకటి తటస్థించినది. ఆయన సోదరి జెమ్మా నాజీల రావెన్స్‌బ్రూకు నిర్బంధశిబిరమునుండి ప్రాణములతో బయటపడి, కుమార్తెతోను మనుమనితోను బెర్లినులో అన్నమునకు అల్లాడుచుండెను. తమ్ముని పరపతి యెంతటిదో లోకమునకు తెలియును. కాని ఆయన, నిర్వాసితులు లక్షలాదిగా ఎదురుచూచుచుండగా తన తోబుట్టువునకు వేరు నియమము లేదని నిశ్చయించి, డబ్బు పంపెనే గాని వరుసను దాటింపలేదు. ఆమె 1947లో అమెరికా చేరెను. శాసనము అందరికి ఒకటే యను మాటను ఇతరులకు చెప్పుట సులభము. సొంత రక్తమునకు వర్తింపజేయుట కష్టము. ఆ యేటనే సెప్టెంబరు 20వ తేదీన క్లోమపు రాచపుండుతో లాగార్డియా మరణించెను. పన్నెండేండ్లు మహానగరము నేలినవాడు భార్య మేరీకి విడిచిన ఆస్తి తాకట్టులోనున్న ఇల్లును, 8,000 డాలర్ల యుద్ధబాండ్లును మాత్రమే.

ఆయన తరువాత శాసనములు మరింత కఠినమయ్యెను. 1951లోను 1956లోను వచ్చిన చట్టములచే, గంజాయి దగ్గర నుంచుకొన్న మొదటి నేరమునకే రెండేండ్లకు తగ్గని శిక్ష యేర్పడెను. 1969లో సర్వోన్నత న్యాయస్థానము 1937 నాటి పన్ను శాసనమును కొట్టివేసెను. పన్ను కట్టబోవువాడు తన నేరమును తానే ఒప్పుకొనవలసి వచ్చుచున్నదని కారణము చెప్పెను. 1970లో వచ్చిన క్రొత్త చట్టము గంజాయిని అత్యంత నిషిద్ధమైన తరగతిలో చేర్చెను. 1972లో షేఫరు సంఘము స్వంత వాడుకను నేరముగా పరిగణింపవలదని సిఫారసు చేయగా అధ్యక్షుడు నిక్సను తిరస్కరించెను. లాగార్డియా నివేదికకు పట్టిన గతియే దానికిని పట్టెను.

న్యూయార్కు కథ ఇంకను విచిత్రము. 1977లో ఆ రాష్ట్రము కొద్దిపాటి గంజాయిని దగ్గర నుంచుకొనుట జుల్మానాతో పోవు చిన్న తప్పుగా తగ్గించెను. బహిరంగముగా కనబడినచో మాత్రము నేరమే. 1990 తరువాత పోలీసులు వీధులలో యువకుల నాపి, జేబులోనిది పైకి తీయుమనిరి. తీయగానే అది బహిరంగమాయెను. 2011లో ఆ నగరమున ఇట్టి యరెస్టులు 50,000కు పైబడెను. అరెస్టయినవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా నల్లజాతివారును లాటిన్ అమెరికా సంతతివారును. తెల్లవారును అంతగానే వాడుదురని సర్వేలు చెప్పుచుండెను. శాసనము మారలేదు, దానిని ఏ వీధిలో నడపవలెనను నిర్ణయమే మారినది. తుదకు 2021 మార్చి 31వ తేదీన న్యూయార్కు రాష్ట్రము వయోజనులకు గంజాయిని శాసనసమ్మతము చేసి, పాత శిక్షల చిట్టాలను తుడిచివేయుటకు ఏర్పాటుచేసెను. నివేదిక వెలువడిన 77 ఏండ్లకు ఈ మార్పు వచ్చినది.

మన దేశమునకును ఇట్టి అనుభవము కలదు. లాగార్డియా సంఘమునకు అర్ధశతాబ్దము ముందే, 1893లో ఆంగ్లప్రభుత్వము నియమించిన గంజాయి విచారణసంఘము దేశమంతట తిరిగి, వేయిమందికి పైగా సాక్షులను విచారించి, 1894లో నివేదిక నొసగెను. మితమైన వాడుకవలన పెద్ద హాని లేదనియు, సంపూర్ణనిషేధము తగదనియు దాని యభిప్రాయము. 1985లో మన పార్లమెంటు చేసిన మాదకద్రవ్య శాసనము గంజాయిని నిషేధించినది. కాని పూతలేని ఆకును నిషేధపు నిర్వచనమున చేర్పలేదు. అందుచే ఒకే మొక్క ఆకు భంగుగా కొన్ని రాష్ట్రములలో అనుమతిపొందిన దుకాణమున అమ్ముడగుచుండగా, దాని పూతను దాచినవాడు చెరసాలకు పోవుచున్నాడు.

గంజాయి మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు వైద్యులు సమాధానము చెప్పుదురు. లాగార్డియా జీవితము విద్యార్థుల ముందుంచు ప్రశ్న వేరు. ఒక శాసనము సాక్ష్యముపై నిలిచియున్నదా, భయముపై నిలిచియున్నదా? అది అందరి గుమ్మములను ఒక్కరీతిగా తట్టుచున్నదా, కొన్ని గుమ్మములనే వెదకి తట్టుచున్నదా? ఈ ప్రశ్నలలో మొదటిదానిని ఆయన ధైర్యముగా అడిగించి సమాధానమును అచ్చువేయించెను. రెండవదానిని బీరుగ్లాసు చేతబట్టి అడిగినవాడే, అధికారపీఠమెక్కిన పిదప ప్రతిచోట అడుగలేకపోయెను.